పచ్చి వేరు, వండిన వేరు

చైనా సంప్రదాయ వైద్యంలో వాడే వేళ్ల గురించి కిందటి సంచికలో నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: ‘ఆ వేళ్లలో అసలు ఏముంది?’ నా ఎదురు ప్రశ్న కూడా ఒకటే. పచ్చి వేరు గురించా, వండిన వేరు గురించా? అక్కడి వైద్యుడి చీటీలో వేరు పేరుకు ముందు ‘షెంగ్’ అని ఉంటే పచ్చిది, ‘షూ’ అని ఉంటే వండినది. పేరు ఒకటే, మొక్క ఒకటే, మందులు మాత్రం రెండు. వేరును నానబెట్టడం, ఆవిరి పట్టడం, సారాలోనో వెనిగర్‌లోనో ఊరబెట్టి వేయించడం, ఈ విద్యనంతా కలిపి ‘పావ్‌జీ’ అంటారు.

నేను వైద్యురాలిని కాను. ముప్పయ్యేళ్లపాటు వేళ్లను పొడి కొట్టి, మిథనాల్‌లో నానబెట్టి, యంత్రంలోకి ఎక్కించి, కాగితం మీద పడిన గీతలను చదివినదాన్ని. అందులో రెండేళ్లు చైనాలోని చెంగ్‌డూ నగరంలో గడిచాయి. అందుకని ‘ఇది నేను వాడవచ్చా?’ అన్న ఉత్తరాలన్నీ పక్కన పెట్టేశాను. మిగిలినవాటిలో కొన్నింటికి ఇవిగో జవాబులు.

ప్రశ్న: మేడమ్, నేను ఫార్మసీ రెండో సంవత్సరం విద్యార్థినిని. అకోనైట్ ప్రాణాంతక విషమని ఒక పాఠంలో ఉంది. అదే మొక్క వేరు ‘ఫూజీ’ అనే పేరుతో చైనాలో గుండె బలహీనతకు మందని మరో పాఠంలో ఉంది. రెండూ ఎలా నిజమవుతాయి?

జవాబు: రెండూ నిజమే. మధ్యలో ఒక పొయ్యి ఉంది, అంతే తేడా.

ఫూజీ అంటే అకోనిటమ్ కార్మికేలి అనే మొక్క పక్కవేరు. తెలుగులో వత్సనాభి అంటామే, ఆ కుటుంబంలోదే. నడిమి తల్లివేరును ‘చ్వాన్‌ఊ’ అంటారు, దానికి అంటుకుని పెరిగే పిల్లవేరు ఫూజీ. సిచువాన్ రాష్ట్రంలో ఫూ నది ఒడ్డున ఉన్న జియాంగ్‌యౌ దీనికి పేరుపడ్డ చోటు. జూన్ చివరి నుంచి ఆగస్టు మొదటి వారాల వరకు తవ్వుతారు. తవ్విన వేరు ఆ వేడిలో ఇట్టే కుళ్లిపోతుంది కాబట్టి వెంటనే ‘దాన్‌బా’ నీళ్లలో పడేస్తారు. ఉప్పు తీయగా మిగిలే చేదు ద్రావణం అది, ప్రధానంగా మెగ్నీషియం క్లోరైడ్. అందులో రోజుల తరబడి నానాక, అదే నీళ్లతో లోపలి దాకా ఉడకబెట్టి, కడిగి, ముక్కలు కోసి, మళ్లీ నీళ్లలో వేసి ఉప్పు లాగేసి, ఆవిరి పట్టి ఎండబెడతారు. తొక్కతో కోసి రంగు పట్టించినది నల్ల ముక్క, తొక్క తీసినది తెల్ల ముక్క.

ఇక లోపలి సంగతి. పచ్చి వేరులో ప్రమాదకరమైనవి మూడు అల్కలాయిడ్లు (ఒంటి మీద గట్టిగా పనిచేసే, నత్రజని ఉన్న మొక్క పదార్థాలు): అకోనిటైన్, మెసకోనిటైన్, హైపకోనిటైన్. మూడింటి నిర్మాణంలోనూ రెండేసి ఎస్టర్ బంధాలు, అంటే ఆమ్లం ముక్కను అణువుకు తగిలించే ముడులు, ఉంటాయి. ఎనిమిదో కార్బన్ మీద అసిటైల్ గుంపు, పద్నాలుగో కార్బన్ మీద బెంజాయిల్ గుంపు. ఈ రెండూ ఉన్నంతసేపు అణువు నాడీకణాల, గుండె కణాల సోడియం ద్వారాల్లో ఇరుక్కుని వాటిని మూసుకోనివ్వదు. తలుపు తెరిచే ఉంటే కణం ఆగకుండా ఉద్రేకపడుతుంది. ముందు పెదవులు, నాలుక తిమ్మిరెక్కుతాయి. ఆ తరువాత గుండె లయ తప్పుతుంది. శుద్ధమైన అకోనిటైన్ 2 మిల్లీగ్రాములు మనిషి ప్రాణం తీయడానికి చాలునని లెక్క.

నీటిలో వేడిచేస్తే ముందుగా ఊడేది అసిటైల్ గుంపు. మిగిలినది బెంజాయిల్‌అకోనైన్. మామూలుగా చెప్పే లెక్క ప్రకారం దాని విషశక్తి అకోనిటైన్‌లో 200వ వంతు. ఇంకా ఉడికిస్తే బెంజాయిల్ కూడా ఊడి అకోనైన్ మిగులుతుంది, అది 2,000వ వంతు. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ తెర మీద ఇది చూడముచ్చటగా కనిపిస్తుంది: పచ్చి వేరులో 646 దగ్గర నిటారుగా నిలిచిన గీత, ఉడుకుతున్నకొద్దీ కుంగిపోతుంటే 604 లేస్తుంది. అదీ తగ్గి 500 లేస్తుంది. విషం ‘పోవడం’ అంటే అది ఎక్కడికో వెళ్లడం కాదు, రెండు చిన్న తొడుగులు విప్పుకుని వేరే పదార్థంగా మారడం. నిజం చెప్పాలంటే కొంత మాత్రం నానబెట్టిన నీళ్లలోకి కొట్టుకుపోతుంది కూడా. కాబట్టి ఎక్కువ నానబెడితే విషంతోపాటు పనికొచ్చేదీ కాలువ పాలవుతుంది. అందుకే చైనా ఔషధ ప్రమాణ గ్రంథం రెండు వైపులా గీత గీసింది. కొన్ని రకాల వండిన ఫూజీ ముక్కల్లో ఆ మూడు అల్కలాయిడ్లూ కలిపి 0.010 శాతం మించకూడదు. ఒక ఎస్టర్ మిగిలిన అల్కలాయిడ్లు 0.010 శాతానికి తగ్గకూడదు.

ఇప్పుడు నువ్వొక లెక్క చెయ్యి. ఆ గ్రంథం చెప్పిన మోతాదు 3 నుంచి 15 గ్రాములు. 15 గ్రాముల ముక్కల్లో 0.010 శాతం అంటే 1.5 మిల్లీగ్రాములు. ఇందాకటి 2 మిల్లీగ్రాములు గుర్తున్నాయి కదా? కర్మాగారంలో అంత వండిన తరువాత కూడా, నియమానికి పూర్తిగా లోబడిన సరుకులో సైతం, మిగిలే జాగా ఎంత ఇరుకో చూడు. అందుకే కషాయం కాచేటప్పుడు మిగతా మూలికల కంటే ముందు ఫూజీని ఒక్కదాన్నే వేసి చాలాసేపు మరిగించాలని ఆ గ్రంథమే ఆదేశిస్తుంది. హాంకాంగ్‌లో నమోదైన విషప్రయోగ కేసుల్లో ఈ మరగకాచడం చాలకపోవడం పదే పదే కనిపించే కారణం.

తల్లివేరు విషయంలో నియమం ఇంకా ముచ్చటైనది. నాలుగు నుంచి ఆరు గంటలు ఉడకబెట్టాలి, లేదా ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆవిరి పట్టాలి. తరువాత అన్నిటిలోకీ లావుపాటి, గట్టి దుంపను కోసి చూడాలి: లోపల తెల్లటి గుండె మిగలకూడదు, నోట్లో పెట్టుకుంటే నాలుక కొద్దిగా మాత్రమే తిమ్మిరెక్కాలి. నాలుక తిమ్మిరి అన్న మాట ప్రభుత్వం అచ్చువేసిన ప్రమాణ గ్రంథంలో ఉందని మొదట నమ్మలేదు. మా ప్రయోగశాల పెద్దాయన వండిన ముక్క నుంచి గోరంత కోసి నా చేతిలో పెట్టారు. నాలుక కొసకు తాకించి ఉమ్మేయమన్నారు. ఏమీ కాలేదే అని నేను నవ్వేసరికి ఆయన గడియారం వైపు వేలు చూపించారు. కొన్ని నిమిషాలకు నాలుక కొస నాది కాకుండా పోయింది. ఆ మధ్యాహ్నం భోజనం రుచి తెలియలేదు. నీకు చెప్పనక్కరలేదు కానీ రాస్తున్నాను: ఇది ఆయన లాంటి నిపుణుడు పక్కన ఉంటే తప్ప ఎవరూ చేయరాని పని. పచ్చి ఫూజీ, పచ్చి చ్వాన్‌ఊ రెండూ చైనా ప్రభుత్వం 1988లో ప్రకటించిన 28 విష ఔషధ ద్రవ్యాల జాబితాలో ఉన్నాయి.

ప్రశ్న: దీహ్వాంగ్ అనే వేరును తొమ్మిదిసార్లు ఆవిరి పట్టి తొమ్మిదిసార్లు ఎండబెడతారని చదివాను. పసుపుపచ్చని వేరు బొగ్గులా నల్లబడుతుందట. మాడిపోయిన దానిలో మందు ఏం మిగులుతుంది?

జవాబు: మాడలేదు. నోట్లో వేసుకుంటే తెలుస్తుంది, బెల్లం పాకం ముదిరినట్టు తియ్యగా ఉంటుంది. ‘లక్కలా నలుపు, నూనెలా మెరుపు, తేనెలా తీపి’ అని అక్కడివాళ్లు మంచి షూ దీహ్వాంగ్‌ను వర్ణిస్తారు.

ఇది రెమేనియా వేరు. హెనాన్ రాష్ట్రంలోని జియావ్‌జ్వో ప్రాంతం, పాత పేరు హ్వాయ్‌చింగ్, దీనికి ప్రసిద్ధి. ప్రమాణ గ్రంథం ప్రకారం 100 కిలోల ఎండు వేరుకు 30 నుంచి 50 కిలోల పసుపురంగు ధాన్యపు సారా పోసి, సారా అంతా పీల్చుకునేదాకా ఆవిరి పట్టాలి లేదా మూతపెట్టి ఉడికించాలి. తొమ్మిదిసార్లన్న షరతు అందులో లేదు, లోపలా బయటా నల్లబడితే చాలు. చైనాలో తొమ్మిది అంటే నిండుతనానికి గుర్తు. ఆ అంకె రసాయనశాస్త్రానిది కాదు.

నల్లబడడానికి రెండు దారులున్నాయి. తాజా వేరులో కెటాల్పాల్ అనే ఇరిడాయిడ్ గ్లైకోసైడ్ దండిగా ఉంటుంది. ఇది మహా పెళుసు. దానికి అంటుకున్న గ్లూకోజ్ ఊడిందంటే మిగిలిన ముక్క తనలో తాను నిలవలేక, తన లాంటివాటితో కలిసిపోయి నల్లటి పదార్థమవుతుంది. రెండో దారి చక్కెరలది. ఈ వేరులో స్టాకియోజ్ అనే చక్కెర ఉంటుంది: రెండు గాలక్టోజులు, ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ వరసగా చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు. వేడికి చివరి ఫ్రక్టోజ్ చెయ్యి వదిలేస్తుంది. మిగిలిన మూడింటి గొలుసు పేరు మానినోట్రయోజ్. విడిపోయిన ఫ్రక్టోజ్ తియ్యగా నాలుకకు తగులుతుంది. వేరు వండితే తీపెక్కే రహస్యం ఇదే. అందులో కొంత ఇంకా వేడెక్కి, మూడు నీటి అణువులను పోగొట్టుకుని, 5-హైడ్రాక్సీమిథైల్‌ఫర్‌ఫ్యురాల్ అవుతుంది. కాఫీ గింజలు వేయించినా, తేనె వేడిచేసినా పుట్టేది ఇదే.

కాబట్టి ‘ఏం మిగులుతుంది’ అన్న ప్రశ్న కన్నా ‘ఏం పుడుతుంది’ అన్నది మేలు. పచ్చి దీహ్వాంగ్‌ను ఒంట్లో వేడి తగ్గించడానికని, వండినదాన్ని నెత్తురు పట్టడానికని అక్కడి వైద్యులు వేరువేరుగా వాడతారు. ఆ వైద్యసూత్రాల మంచిచెడ్డలు తేల్చే పని నాది కాదు. కానీ రెండూ వేరువేరు సరుకులని వాళ్లు నాలుకతో, కంటితో పసిగట్టిన మాట మాత్రం మా యంత్రం ఒప్పుకుంది.

ప్రశ్న: తెల్ల జిన్‌సెంగ్, ఎర్ర జిన్‌సెంగ్ రెండు జాతులా? ఎర్రదానికి రంగు వేస్తారని ఒక మిత్రుడి వాదన.

జవాబు: మీ మిత్రుడు పందెం ఓడిపోయారు. రెండూ పానక్స్ జిన్‌సెంగ్ వేళ్లే. ఈశాన్య చైనాలో, జీలిన్ రాష్ట్రంలోని ఛాంగ్‌బాయ్ పర్వతాల కింద, ఫూసోంగ్ పరిసరాల్లో పండేవి. ఎండబెడితే తెల్లది. ఆవిరి పట్టి ఎండబెడితే ఎర్రది. వేరులోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ, ముఖ్యంగా ఆర్జినిన్, వేడికి కలిసి ఎర్రగోధుమ రంగు తెస్తాయి. రొట్టె పైపొర ఎర్రబడే చర్యే ఇదీ. ఎర్ర జిన్‌సెంగ్ మూత తీయగానే వచ్చే కమ్మటి మాడు వాసన మాల్టాల్ అనే చిన్న అణువుది.

మీరు అడగలేదు కానీ, నాకు ఇష్టమైన విషయం కాబట్టి చెబుతాను. జిన్‌సెంగ్‌లోని ముఖ్య పదార్థాలైన జిన్‌సెనోసైడ్లకు ఆర్‌బి1, ఆర్‌జి3 వంటి పేర్లు చూసి విద్యార్థులు బెదిరిపోతుంటారు. ఆ అక్షరాల వెనక పెద్ద తత్వమేమీ లేదు. పలుచని సిలికా పలక మీద మచ్చ పెట్టి ద్రావణిలో నిలబెడితే ఏ మచ్చ ఎంత ఎత్తుకు పాకిందన్న వరస, అంతే. చక్కెరలు ఎక్కువ మోసే అణువు కిందే కూలబడుతుంది. ఆర్‌బి1 నాలుగు గ్లూకోజులను మోస్తుంది: మూడో కార్బన్ మీద రెండు, ఇరవయ్యో కార్బన్ మీద రెండు. ఆవిరిలో ఇరవయ్యో కార్బన్ మీది జంట ఊడిపోతుంది, ఆర్‌జి3 పుడుతుంది. అది ఇంకో నీటి అణువును పోగొట్టుకుంటే ఆర్‌కె1, ఆర్‌జి5 అనే కవలలు. తెల్ల వేరులో ఇవి దాదాపు కనిపించవు, ఎర్రదానిలో బారులు తీరతాయి. అందుకే పొడి రూపంలో కలగలిపి అమ్మినా ఆవిరి పట్టిన సరుకేదో పసిగట్టవచ్చు.

పోయేదీ ఒకటుంది. జిన్‌సెంగ్‌లో డెన్సికైన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కేసరి పప్పులో నాడులకు చెరుపు చేస్తుందని పేరుపడ్డ పదార్థమే ఇది, పేరు మార్చుకుని ఇక్కడ కూర్చుంది. నెత్తురు కారడాన్ని ఆపే గుణం కూడా దీనికే ఉంది. ఆవిరి పడితే ఇది తగ్గుతుంది. ఇదే కుటుంబంలో యునాన్ రాష్ట్రపు సాన్‌చీ వేరును దెబ్బల నెత్తురు ఆపడానికి పచ్చిదే వాడడం, బలానికి వండినది వాడడం ఎందుకో ఈ ఒక్క అణువు దగ్గర కొంత అర్థమవుతుంది.

ప్రశ్న: అమ్మా, నా వయసు నలభై రెండు. జుట్టు నెరుస్తోంది. ‘హ షౌ ఊ’ వేరు పొడి జుట్టును నల్లబరుస్తుందని విన్నాను. బాగా వండినదైతే కాలేయానికి ఏమీ కాదంటున్నారు. నిజమేనా?

జవాబు: వాడవచ్చా అన్న ఉత్తరాలు పక్కన పెట్టానన్నాను. మీదొక్కటి పెట్టలేకపోయాను. ఆ చివరి వాక్యం నిజం కాదు.

ఆ పేరుకు అర్థం ‘హ గారి నల్ల తల’. తెల్లబడిన జుట్టు నల్లబడిందట ఆయనకు. కథ బాగుంది. వేరులో ఉన్నవి స్టిల్బీన్ గ్లూకోసైడ్ ఒకటి, ఎమోడిన్, ఫిసియాన్ వంటి ఆంత్రాక్వినోన్లు మరికొన్ని. పచ్చి వేరు విరేచనకారి. ఎందుకంటే అందులో ఎమోడిన్ చక్కెరతో ముడిపడి ఉంటుంది. ఆ ముడి వల్ల పైన పేగుల్లో ఇంకకుండా పెద్దపేగు దాకా వెళుతుంది, అక్కడి బాక్టీరియా చక్కెరను కొరికేయగానే పని మొదలుపెడుతుంది. 100 కిలోల వేరుకు 10 కిలోల నల్ల సోయా గింజల రసం పట్టించి ఆవిరి పడితే ఆ ముడి ముందే విడిపోతుంది, విరేచన గుణం తగ్గుతుంది. రేవల్చిని వేరును సారాతో ఆవిరి పట్టినప్పుడు విరేచనం చేయించే సెనోసైడ్లు తగ్గి మెత్తబడేదీ ఇటువంటి కారణంతోనే.

కానీ విరేచన గుణం తగ్గడం వేరు, కాలేయానికి భద్రత వేరు. బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2006లోనే ఈ వేరు మీద హెచ్చరిక ఇచ్చింది. చైనా ప్రభుత్వ సంస్థ 2014లో కాలేయ హాని గురించి ప్రకటన చేసింది. పచ్చిదానికి ప్రమాదం ఎక్కువని చెప్పినా, వండినదాన్ని నిర్దోషిగా వదిలిపెట్టలేదు. 2019లో చైనా పరిశోధకులు ఒక జన్యు లక్షణాన్ని, హెచ్‌ఎల్‌ఏ-బి*35:01 అని దాని పేరు, ఈ హానితో ముడిపెట్టారు. అంటే తప్పంతా వేరులోనే లేదు, తాగేవారి ఒంట్లోనూ ఉంటుంది. అది ఎవరి ఒంట్లో ఉందో వేరు వండేవారికి ఎలా తెలుస్తుంది? తెల్ల వెంట్రుకలను అలాగే ఉంచుకోండి. నావి పూర్తిగా నెరిసి పదేళ్లయింది, ఒక్క రసాయన సూత్రం కూడా మరచిపోలేదు.

ప్రశ్న: వెనిగర్‌లో వేయించడం వల్ల ఏమిటి లాభం?

జవాబు: మంచి ఉదాహరణ యాన్‌హూసూ, జెజియాంగ్ రాష్ట్రపు కొరిడాలిస్. పండితులు కోప్పడకముందే చెబుతున్నాను, ఇది వేరు కాదు, దుంప. నొప్పి తగ్గించే పేరు దీనిలోని టెట్రాహైడ్రోపాల్మటిన్ వంటి అల్కలాయిడ్లది. అల్కలాయిడ్లు ఒంటరిగా ఉంటే నీళ్లలో సరిగా కరగవు. వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లంతో కలిస్తే లవణాలై కషాయంలోకి సులువుగా దిగుతాయి. పులుసు చేసే పనే.

ప్రశ్న: బాయ్ షావ్ వేళ్లు ఎంత తెల్లగా ఉంటే అంత నాణ్యమైనవి అంటారు. అవునా?

జవాబు: ముత్యాల దుకాణంలోనైతే ఆ మాట చెల్లుతుంది.

బాయ్ షావ్ అంటే తెల్ల పియోనీ వేరు. అన్‌హుయ్ రాష్ట్రంలోని బోజౌ దీనికి నిలయం, మూలికల పెద్ద బజారు కూడా అక్కడే ఉంది. తొక్క తీసి ఉడకబెట్టి ఎండబెట్టడం అసలు పద్ధతి. పురుగు పట్టకుండా, తెల్లగా కనబడేలా గంధకం పొగ పట్టించడం దానికి తోక. పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ వేరు తడిలో కలిసి, ఈ వేరుకు ప్రాణమనదగ్గ పియోనిఫ్లోరిన్ మీద పడుతుంది. దానిలో ఒక హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమించి పియోనిఫ్లోరిన్ సల్ఫొనేట్‌గా మార్చేస్తుంది. తాజా వేరులో లేని, ఏ పాత వైద్యుడూ ఎరగని పదార్థమిది. పావ్‌జీ ఎంత గొప్పదో చెప్పినప్పుడు ఇదీ చెప్పాలి: మంట పెట్టి మార్చేదంతా మందు కాదు. చైనా ప్రమాణ గ్రంథం సల్ఫర్ డయాక్సైడ్ అవశేషానికి హద్దు పెట్టింది. మామూలు మూలికల్లో కిలోకు 150 మిల్లీగ్రాములు, బాయ్ షావ్‌తో సహా పది రకాలకు 400.

నాకు ఆ సల్ఫొనేట్ పరిచయమైన తీరు కాస్త సిగ్గుచేటు. చెంగ్‌డూ వెళ్లిన కొత్తలో తెల్లటి బాయ్ షావ్ పొడిని, కలిసి ఉన్న పదార్థాలను విడదీసి ఒక్కోదానికి ఒక్కో గీత గీసే క్రోమటోగ్రాఫ్‌లో ఎక్కించాను. పియోనిఫ్లోరిన్ రావలసిన చోట పొట్టిగా ఉంది. దానికి చాలా ముందు, ఎవరూ రాకూడని వేళలో, పొడుగాటి గీత ఒకటి వచ్చి నిలబడింది. పదార్థాలను విడదీసే గొట్టం, కాలమ్, పాడైందనుకున్నాను. రెండు రోజులు దాన్ని కడుగుతూ కూర్చున్నాను, ద్రావణులు మార్చాను, పంపు విప్పించాను. గీత కదల్లేదు. మూడో రోజు పెద్దాయన వచ్చి, కాగితం వైపు చూడనైనా చూడకుండా పొడి సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ముఖం చిట్లించి నాకు అందించారు. అగ్గిపుల్ల గీసిన వాసన.